పూటకూళ్ళమ్మ ఎక్కడికి పోయింది?

హోటళ్ళ బోర్డులు ఒకసారి వరసపెట్టి చదివి చూడండి. కాకినాడలో సుబ్బయ్యగారి హోటల్. విజయవాడలో బాబాయ్ హోటల్. విశాఖపట్నంలో, హైదరాబాదులో వీధి వీధికీ ఏదో ఒక 'గారి' భోజనశాల. పేరున్న వాళ్ళు దాదాపు అందరూ మగవాళ్ళే. ఆడవాళ్ళ ఊసే లేదా అంటే వుంది. 'అమ్మ చేతి వంట', 'అమ్మమ్మ రుచులు' అని రాసి వుంటుంది. ఈ అమ్మకు పేరు వుండదు, ఊరు వుండదు, లాభంలో వాటా అసలే వుండదు.

గత పాతికేళ్ళలో ప్రాంతీయ రుచుల హోటళ్ళు పెద్ద వ్యాపారమయ్యాయి. రాగి సంగటి, నాటుకోడి పులుసు, ఉలవచారు, పనసపొట్టు కూర, చివరికి చద్దన్నం కూడా మెనూ కార్డు ఎక్కాయి. ఇది సంతోషించాల్సిన విషయమే. చోడి అంబలి తాగి పెరిగామని చెప్పుకోడానికి సిగ్గుపడ్డ తరం వుండేది. వాళ్ళ పిల్లలు ఇప్పుడు దాన్ని డబ్బిచ్చి కొనుక్కుని తాగుతున్నారు. అయితే తిండికి దొరికిన ఈ గౌరవం, దాన్ని తరాలుగా వండి, అమ్మి, బతికించిన స్త్రీలకు కూడా దొరికిందా? మందసలోనో పలాసలోనో నిలబడి ఈ ప్రశ్న వేసుకునే ముందు అమెరికాలోని టెక్సాస్ దాకా ఒకసారి వెళ్ళి రావడం అవసరం. ఒక సరిహద్దు ప్రాంతపు పేదల తిండి ప్రపంచ వ్యాపారంగా ఎలా మారిందో, ఆ దారిలో ఆడవాళ్ళు ఎక్కడెక్కడ జారిపోయారో అక్కడ తేదీలతో సహా నమోదై వుంది.

టెక్సాస్ ఒకప్పుడు మెక్సికోలో భాగం. 1836లో విడిపోయింది. 1845లో అమెరికాలో కలిసింది. 1848 ఒప్పందంతో రియో గ్రాండే నది సరిహద్దయింది. అక్కడున్న మెక్సికన్ కుటుంబాలు ఎక్కడికీ కదల్లేదు, సరిహద్దే వాళ్ళ ఇళ్ళ మీదుగా జరిగిపోయింది. ఉన్న ఊళ్ళోనే వాళ్ళు పరాయివాళ్ళయ్యారు. మొక్కజొన్న రొట్టెలు, ఉడికించిన చిక్కుడు గింజలు, ఎండు మిరపకాయలు దట్టంగా వేసి వండిన మాంసం వాళ్ళ తిండి. ఈ తిండికే తర్వాత 'టెక్స్-మెక్స్' అని పేరొచ్చింది. ఆ మాట మొదట ఒక రైలు కంపెనీది. 1875లో పెట్టిన టెక్సాస్ మెక్సికన్ రైల్వేను పొట్టిగా అలా పిలిచేవారు.

ఈ తిండిని ఇంటి గుమ్మం దాటించి బజారుకు తెచ్చింది ఆడవాళ్ళు. శాన్ ఆంటోనియో పట్టణంలో 1880ల నాటికి సాయంత్రం కాగానే మెక్సికన్ స్త్రీలు పెద్ద మైదానాలకు చేరేవారు. కట్టెల పొయ్యిలు, లాంతర్లు, పొడుగు బల్లలు, ఇంట్లో వండి తెచ్చిన కుండలు. సైనికులు, పశువుల కాపర్లు, రైల్లో వచ్చిన యాత్రికులు పది సెంట్లకు ఒక పళ్ళెం కొనుక్కుని తినేవారు. వాళ్ళకు 'మిరప రాణులు' అని పేరు పెట్టారు. పేరు ముచ్చటగానే వుంది. ఆ రాణులు పగలంతా వండి, రాత్రంతా అమ్మి, తెల్లవారుజామున అంట్లు మోసుకుని ఇంటికి వెళ్ళేవారు. వాళ్ళ గురించి రాసిన విలేకరులు కూర కంటే ఎక్కువగా వాళ్ళ కళ్ళ గురించి, జడల గురించి రాశారు. బజారులో కష్టం చేసే స్త్రీని సరుకులా చూడడం ఏ ఒక్క దేశపు జబ్బూ కాదు.

ఆ రుచికి గిరాకీ వుందని తెలిశాక ఏం జరిగింది? 1890లలో టెక్సాస్‌లోనే గెబ్‌హార్ట్ అనే జర్మన్ వలసదారు మిరపపొడిని యంత్రంతో కొట్టి, సీసాల్లో నింపి, ఆ పేరు మీద ట్రేడ్‌మార్కు తీసుకున్నాడు. 1893లో షికాగో ప్రపంచ ప్రదర్శనలో శాన్ ఆంటోనియో పేరుతో మిరప మాంసం దుకాణం పెట్టారు. 1900లో ఫార్న్స్‌వర్త్ అనే అతను 'ఒరిజినల్ మెక్సికన్ రెస్టారెంట్' తెరిచాడు. తెల్ల గుడ్డలు పరిచిన బల్లల మీద మర్యాదస్తులకు భోజనం. అసలైన మెక్సికన్ వంట అన్న బోర్డు మెక్సికన్ కానివాడి దుకాణం మీద వెలిసింది. మైదానంలో కుండ పెట్టుకున్న స్త్రీలను మాత్రం మునిసిపాలిటీ ఒక చోటి నుంచి ఇంకో చోటికి తరుముతూనే వుంది. 1930ల మధ్యలో ఆరోగ్యశాఖ రంగంలోకి దిగింది. ఈగలు, మురికి, అంటు రోగాలు అంది. హోటళ్ళకున్న నిబంధనలే వీళ్ళకూ వర్తిస్తాయంది. 1939లో మేయర్ మావెరిక్ దోమతెరల గుడారాలు పెట్టించి కొన్నాళ్ళు అనుమతించినా, 1943కల్లా మిరప రాణులు ఆ మైదానాల్లో లేకుండా పోయారు.

ఇక్కడ మనం జాగ్రత్తగా ఆలోచించాలి. శుభ్రత అక్కర్లేదని ఎవరూ అనరు. ఆ తిండి తినేదీ పేదవాళ్ళే, రోగం వస్తే ముందు పోయేదీ వాళ్ళ పిల్లలే. కాని మైదానంలో నీళ్ళ కుళాయి వేయించడం ఒక పద్ధతి, కుండ పగలగొట్టడం ఇంకో పద్ధతి. శుభ్రత పేరుతో ప్రభుత్వాలు తరచుగా రెండోదాన్నే ఎంచుకుంటాయి. ఎందుకంటే కుళాయికి ఖర్చవుతుంది.

అదే ఊళ్ళో, అవే ఏళ్ళలో మరో కథ నడిచింది. పలాస చదువరులు దీన్ని మరింత దగ్గరగా వింటారనుకుంటాను. శాన్ ఆంటోనియో పీకాన్ అనే గింజల వ్యాపారానికి కేంద్రం. పెంకు కొట్టి పప్పు తీసే పనిలో దాదాపు 12 వేల మంది. వాళ్ళలో ఎక్కువ మంది మెక్సికన్ స్త్రీలు. గాలి ఆడని కొట్టాల్లో, దుమ్ములో, పౌను పప్పుకు ఇన్ని సెంట్లని కూలి. మనుషులు యంత్రాల కంటే చవగ్గా దొరికారు కాబట్టి యజమానులు వున్న యంత్రాలను కూడా పక్కన పెట్టారు. ఆ కాస్త కూలినీ ఒక సెంటు తగ్గించినప్పుడు, 1938 జనవరి 31న వాళ్ళు పని మానేశారు. వాళ్ళ నాయకురాలు ఎమ్మా తెనాయుకాకు అప్పటికి 21 ఏళ్ళు. వందల మందిని జైల్లో పెట్టారు. మార్చిలో కూలి కాస్త పెరిగింది. ఆ సంవత్సరమే గంటకు 25 సెంట్ల కనీస వేతనం చట్టమయ్యేసరికి యజమానులు మళ్ళీ యంత్రాలు దించారు. కొద్ది ఏళ్ళలో వేల మందికి పని పోయింది. గెలిచిన సమ్మె తర్వాత ఏం చెయ్యాలో కూడా ఆలోచించుకోవాలని ఆ స్త్రీలు మనకు నేర్పారు.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. మందసకూ సరిహద్దు చరిత్ర వుంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు పాత గంజాం జిల్లాను రెండుగా చీల్చారు. మందస, టెక్కలి ఇటు మద్రాసు రాష్ట్రంలో మిగిలాయి, బరంపురం అటు పోయింది. ఇళ్ళూ వియ్యాలూ సంతలూ మాత్రం రెండు పక్కలా వుండిపోయాయి. అక్కడి పఖాళొ, ఇక్కడి చద్దన్నం తరవాణి ఒకే కుండలో తోబుట్టువులు. అక్కడ పిఠాలు ఆవిరి మీద ఉడికితే ఇక్కడ కుడుములు ఉడుకుతాయి. మహేంద్రగిరి కొండల నుంచి సవర స్త్రీలు పనసకాయలు, చింతపండు, కొండచీపుళ్ళు నెత్తిన పెట్టుకుని సంతకు దిగుతారు. సముద్రం వైపు నుంచి మత్స్యకార స్త్రీలు గంపల్లో మెత్తళ్ళు, ఎండుచేపలు తెస్తారు. కొండ, తోట, సముద్రం ఈ మూడూ కలిసే చోటు మన సంత. ఉద్దానం రుచి అంటూ ఒకటుంటే అది పుట్టింది ఆ సంతలో, ఈ ఆడవాళ్ళ బేరాల మధ్య.

కాబట్టి 'అసలైన, కల్తీ లేని మన వంట' అని ఎవరైనా గొప్పలు పోతే నవ్వొస్తుంది. మిరపకాయ మెక్సికో ప్రాంతం నుంచి ఓడల్లో వచ్చింది. జీడిచెట్టును పోర్చుగీసువాళ్ళు 16వ శతాబ్దంలో బ్రెజిల్ నుంచి తెచ్చారు. అనాస, బొప్పాయి, టమాటా కూడా ఆ ఖండానివే. పలాసకు పేరు తెచ్చిన పంటే పరదేశిది. టెక్సాస్‌లోనూ ఈ అసలు-నకిలీ గొడవ వచ్చింది. 1972లో డయానా కెన్నెడీ అనే ఆంగ్ల రచయిత్రి మెక్సికో వంటల మీద పుస్తకం రాస్తూ, సరిహద్దుకు ఉత్తరాన దొరికేది మెక్సికన్ వంట కాదని తేల్చింది. అప్పటినుంచి 'టెక్స్-మెక్స్' అన్న మాటకు కల్తీ సరుకు అన్న చులకన అంటుకుంది. మెక్సికోలో ఊరూరా తిరిగి స్త్రీల దగ్గర వంటలు నేర్చుకున్న మనిషి, టెక్సాస్‌లో వంద ఏళ్ళుగా పొయ్యి ముందు నిలబడ్డ స్త్రీలకు ఆ గౌరవం ఇవ్వలేకపోయింది. స్వచ్ఛత కొలబద్ద ఎప్పుడూ ఎవరో ఒక ఆడదాన్ని తక్కువ చెయ్యడానికే పనికొస్తుంది. వంటలోనైనా అంతే, కులంలోనైనా అంతే.

మన జీడిపప్పు సంగతి చూడండి. హోటల్లో కూర మీద నాలుగు పలుకులు చల్లితే దాని ధర మారిపోతుంది. ఆ పలుకు పళ్ళెంలోకి రావాలంటే జీడిపిక్కను కాల్చాలి లేదా ఉడికించాలి, పెంకు చీల్చాలి, పప్పు తీయాలి, ఆరబెట్టాలి, పైపొట్టు ఒలవాలి, గుండు, బద్ద, ముక్క అని ఏరాలి. పలాస-కాశీబుగ్గ పరిశ్రమలో ఈ పనుల్లో ఎక్కువ భాగం స్త్రీలవే. పెంకులోని జీడినూనె చర్మాన్ని కాలుస్తుంది. వేళ్ళు నల్లబడి, పొక్కి, అన్నం కలుపుకోడానికి కూడా మంటపుడతాయి. తను ఒలిచిన పప్పు తన ఇంట్లో పండక్కి కొనాలంటే రెండుసార్లు ఆలోచించుకునే స్త్రీ పేరు మీద ఏ హోటలూ లేదు. ఇటు పిక్కలు పండించే రైతు కూడా సుఖంగా లేడు. 80 కిలోల బస్తాకు 16 వేల రూపాయలు ఇవ్వాలని ఉద్దానం రైతులు 2023లో రోడ్డెక్కారు. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు జీడి, కొబ్బరి, పనస తోటలు నేలకూలినప్పుడు నష్టపరిహారం చెట్టు యజమానికి లెక్క కట్టారు. ఆ చెట్టు కాయల మీద బతికే కూలి స్త్రీ ఏ లెక్కలోకీ రాలేదు.

వంటకు మొదటి అవసరం కట్టె, నీరు. ఈ నేల మీద ఆడవాళ్ళు ప్రాణాలిచ్చింది కూడా వాటికోసమే. 1940లో మందస జమీందారు అడవిలో కట్టెలు తెచ్చుకునే హక్కు కోసం రైతులు నిలబడ్డారు. అరెస్టులకు వచ్చిన పోలీసులకు అడ్డం తిరిగిన గున్నమ్మ ఏప్రిల్ 1న గుడారి రాజమణిపురంలో కాల్పులకు బలయింది. ఆమెతోపాటు మరో నలుగురు. మనం గున్నమ్మను వీరనారిగా తలుచుకుంటాం, మంచిదే. ఆమె పోరాటంలో పొయ్యి కూడా వుందని గుర్తు చేసుకోం.

'అయితే ఆడవాళ్ళు హోటళ్ళు పెట్టుకోవచ్చుగా, ఎవరొద్దన్నారు?' అని అడిగేవాళ్ళున్నారు. వాళ్ళకు చరిత్ర తెలియదు. తెలుగునాట భోజనం అమ్మిన వాళ్ళలో ఆడవాళ్ళు ఎప్పటినుంచో వున్నారు. పూటకూళ్ళ ఇంటి ప్రస్తావన 15వ శతాబ్దపు 'క్రీడాభిరామం'లోనే వుంది. తర్వాతి కాలంలో భర్త పోయి, పుట్టింటి, అత్తింటి ఆదరణ లేని ఎందరో స్త్రీలకు పూటకూళ్ళే బతుకుతెరువయింది. మరి మన సాహిత్యం ఆమెను ఎలా గుర్తుపెట్టుకుంది? 1892లో విజయనగరంలో తొలిసారి ఆడిన 'కన్యాశుల్కం'లో పూటకూళ్ళమ్మ వుంది. సంతలో సామాను కొనిపెడతానని గిరీశం ఆమె దగ్గర 20 రూపాయలు పట్టుకుపోయి వేరే ఖర్చు చేసుకుంటాడు. ఆమె చీపురు పట్టుకుని వస్తే నూరేళ్ళకు పైగా మనం పగలబడి నవ్వుతున్నాం. ఆ డబ్బు ఆమె వ్యాపారానికి పెట్టుబడి. దాన్ని మోసంతో లాక్కున్నవాడు మనకు ప్రియమైన కథానాయకుడు.

దీని పక్కనే ఇంకో బొమ్మ పెట్టి చూద్దాం. గోదావరి లంకల్లో వచ్చినవాళ్ళందరికీ అన్నం పెట్టిన డొక్కా సీతమ్మగారు 1909లో పోయారు. ఆవిడ నిజంగా గొప్ప మనిషి. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడి మధ్యాహ్న భోజన పథకానికి ఆవిడ పేరు పెట్టింది. ఉచితంగా పెట్టిన స్త్రీ దేవతయింది, డబ్బు తీసుకుని పెట్టిన స్త్రీ నవ్వులాటయింది. రెండిటి అర్థం ఒకటే: ఆడదాని వంటకు కూలి అడగకూడదు. అందుకే సీతమ్మ పేరున్న ఆ పథకంలో పొయ్యి దగ్గర నిలబడే స్త్రీలకు ఇచ్చేది జీతం కాదు, 'గౌరవ వేతనం'. 2019లో దాన్ని నెలకు 3 వేల రూపాయలకు పెంచారు. గౌరవానికి అంత ధర కట్టారు.

ఒక స్త్రీ పైకొచ్చినా కథ అక్కడితో అయిపోదు. హ్యూస్టన్ నగరంలో నిన్ఫా లారెంజో అనే ఆమె భర్త చనిపోయాక ఐదుగురు పిల్లలతో, మూతపడబోతున్న రొట్టెల ఫ్యాక్టరీ ముందు గదిలో 1973లో పది బల్లల హోటల్ పెట్టింది. పశువుల దొడ్లలో కూలీలకు వదిలేసే పొట్టకింది మాంసపు ముక్కను నిప్పుల మీద కాల్చి, రొట్టెలో చుట్టి అమ్మింది. టెక్స్-మెక్స్ వంటల్లో ఇవాళ అందరికీ తెలిసిన ఫహీటా అలా ఊరూరా పాకింది. కూలీల తిండి ఖరీదైన తిండయింది. ఆమె హోటల్ ఎన్నో శాఖలయింది. 1990ల చివరికి అప్పుల్లో యాజమాన్యం కుటుంబం చేతిలోంచి పోయింది. 'మామా నిన్ఫా' అన్న పేరు మాత్రం బోర్డు మీద మిగిలింది. ఒంటరిగా పైకొచ్చిన స్త్రీ పేరును కూడా బజారు ఇలా మింగగలదు. అందుకే మనం మాట్లాడాల్సింది ఒకరిద్దరి విజయాల గురించి కాదు, సంఘంగా హక్కుల గురించి.

ఏ హక్కులు? మొదటిది, కూర్చుని అమ్ముకునే చోటు. 2014 వీధి విక్రేతల చట్టం ప్రకారం పట్టణ విక్రయ కమిటీలో కనీసం 40 శాతం మంది అమ్మేవాళ్ళే వుండాలి, వాళ్ళలో మూడోవంతు స్త్రీలుండాలి. 30 రోజుల నోటీసు లేకుండా ఖాళీ చేయించకూడదు. పలాస-కాశీబుగ్గ మునిసిపాలిటీలో ఈ కమిటీ ఎన్నిసార్లు కూర్చుంది, అందులో స్త్రీలెవరు అని మనం సమాచార హక్కు కింద అడగాలి. ఈ చట్టానికి రెండు పెద్ద కంతలున్నాయి. ఇది పట్టణాలకే కాబట్టి మందస లాంటి పంచాయతీల సంతల్లో కూర్చునే స్త్రీకి వర్తించదు. రైల్వే స్థలాలకు వర్తించదని చట్టంలోనే రాసి వుంది. అక్కడ 1989 రైల్వే చట్టం 144వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా అమ్మడం నేరం. పలాస స్టేషన్లో బుట్ట పట్టుకున్న స్త్రీని బతుకుతెరువు చూసుకుంటున్న మనిషిగా కాక దొంగగా చూసే స్థితి ఇక్కడినుంచే వచ్చింది. స్టేషన్లలో స్థానిక సరుకుల స్టాళ్ళ కోసం 2022లో 'ఒక స్టేషన్ - ఒక ఉత్పత్తి' పథకం మొదలైంది. ఆ స్టాళ్ళు ఎవరి చేతుల్లో వున్నాయో కూడా లెక్క తీయాలి.

రెండోది, శుభ్రతకు కావలసిన సౌకర్యం. సంతలో కుళాయి, మరుగుదొడ్డి, నీడ లేకుండా పరిశుభ్రత నిబంధనలు పెట్టడం శాన్ ఆంటోనియో పాపాన్ని మళ్ళీ చెయ్యడమే. మూత్రపిండాల జబ్బుతో ఇంటింటా మనుషుల్ని పోగొట్టుకున్న ఉద్దానంలో మంచినీటి ప్రశ్న వంటకూ బతుకుకూ కూడా మొదటి ప్రశ్న.

మూడోది, కూలి. కిలోల లెక్కన పని చేసినా కనీస వేతనం హక్కే. చేతి తొడుగులు, వైద్యం, ప్రసూతి సెలవు యజమాని దయ కాకూడదు. యంత్రం వస్తే పోయే పనికి బదులేమిటో ముందే మాట్లాడుకోవాలి. పీకాన్ స్త్రీలకు ఆ వ్యవధి దొరకలేదు.

నాలుగోది, పేరు మీద హక్కు. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. బోర్లించిన వేడి కుండ మీద పిండి గుడ్డ లాగి రేకు తీసే నేర్పు అక్కడి స్త్రీలది. రేపు మందస కోవాకో పలాస పప్పుకో అలాంటి గుర్తింపు అడిగే రోజు వస్తే, దరఖాస్తు చేసే సంఘంలో పాలు పితికే, పప్పు ఒలిచే స్త్రీలు సభ్యులుగా వుండాలని ఇప్పటినుంచే పట్టుపట్టాలి.

ఇది సాధ్యమేనా అంటే, కేరళలో కుటుంబశ్రీ మహిళా బృందాలు హోటళ్ళు నడుపుతున్నాయి. 2020లో ఆ స్త్రీలు 20 రూపాయల భోజనంతో 'జనకీయ హోటళ్ళు' తెరిచారు. పళ్ళేనికి 10 రూపాయలు ప్రభుత్వం కలిపేది. 2023లో ఆ సాయం ఆపేశాక చాలామంది అప్పుల్లో ఇబ్బంది పడ్డారు. ఆ అనుభవం రెండు వైపులా పాఠమే. వంటశాల నడపడం ఆడవాళ్ళకు చేతనవును. చేతనవును కదా అని ఊరికి చవగ్గా అన్నం పెట్టే భారం వాళ్ళ ఒక్కళ్ళ నెత్తిన పెట్టకూడదు.

చివరగా మనలో మనం అడుగుకోవలసిన మాట ఒకటుంది. మహిళా సంఘాలు, స్వచ్ఛంద సంస్థలు ఏడాదికి ఎన్నో సభలు, శిక్షణలు జరుపుతాయి. వాటికి భోజనాలు ఎక్కడినుంచి తెప్పిస్తున్నాం? బిల్లు సరిగా వుంటుందని పెద్ద క్యాటరింగు వాళ్ళకు చెప్తున్నామా, పక్క వీధిలో కర్రీ పాయింటు నడిపే స్త్రీకి చెప్తున్నామా? ఆమెకు చెప్తే బేరమాడుతున్నామా? మన నివేదికల్లో 'భోజన ఖర్చులు' అన్న పద్దు కింద వండినామె పేరు రాస్తున్నామా? వచ్చే సభకు పిలుపు పత్రం వేసేటప్పుడు వక్తల పేర్ల కింద వంట చేసిన వాళ్ళ పేర్లు కూడా వేద్దాం. పూటకూళ్ళమ్మ ఎక్కడికీ పోలేదు, మన పక్క వీధిలోనే వుంది. ఆమె 20 రూపాయలు ఆమెకు తిరిగి ఇప్పించే పని మనది.